తలపేలు (బడిపిల్లల్లో)

తలపేను మనిషి తలవెంట్రుకల్లో మాత్రమే బతికే, రెక్కలు లేని రక్తాహార కీటకం. శాస్త్రనామం పెడిక్యులస్ హ్యూమనస్ కాపిటిస్. పొడవు 2–3 మిల్లీమీటర్లు. ఆడపేను రోజుకు 6–10 గుడ్లు పెడుతుంది. ఈపులు లేదా ఈళ్లు అని పిలిచే ఈ గుడ్లు 0.8 మిల్లీమీటర్ల పొడవుండి, మాడుకు దగ్గరగా వెంట్రుకకు జిగురుతో అంటుకుంటాయి. 7–10 రోజుల్లో పొదుగుతాయి. తల వదిలిన పేను సాధారణంగా రెండు రోజులకు మించి బతకదు.

పేను ఎగరదు, దూకదు. తలకు తల ఆనినప్పుడు పాకుతుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల ప్రాథమిక పాఠశాలల్లోనూ వ్యాప్తికి దారి ఇదే: ఒకే పలక మీదికి వంగిన రెండు తలలు, ఒకే చాప మీద నిద్ర. తలస్నానంతో, చెరువులో ఈతతో పేలు పోవు. నీటిలో పట్టు వదలకుండా గంటల తరబడి బతకగలవు. కనుక పేలకు మురికే కారణమని పిల్లను నిందించడం తప్పు.

పేను లాలాజలం వల్ల దురద పుడుతుంది. మొదటిసారి పట్టినప్పుడు 4–6 వారాల తర్వాతే తెలియవచ్చు. గోకిన చోట పుండ్లు, చీము, మెడ వెనుక బిళ్లలు, నిద్రలేమి, చదువుపై ఏకాగ్రత తగ్గడం దీని ఫలితాలు. టైఫస్ జ్వరాన్ని మోసేది ఒంటిపేను, తలపేను కాదు.

తడి జుట్టును పేలదువ్వెనతో పాయలుపాయలుగా దువ్వడం, 1 శాతం పెర్మెత్రిన్ లోషన్ రాసి 9 రోజులకు మళ్లీ రాయడం చికిత్స. ఇంట్లో అందరి తలలూ అదే రోజు చూడాలి. పేలు పోవడానికి కొందరు రాసే సీతాఫలం గింజల పొడి, కిరోసిన్ వాడకూడదు: ఆ పొడి కంట్లో పడితే కనుపాపపై పొర దెబ్బతింటుంది, కిరోసిన్ అగ్నిప్రమాదకరం.