తెరచాప ఓడకు ఏ తాడు?

ఇంగ్లండ్‌లో మెడ్వే నది ఒడ్డున, చాథం పాత నౌకా కేంద్రంలో ఓ ఇటుకల శాల ఉంది. వెడల్పు అంతంతమాత్రమే, పొడవు మాత్రం దాదాపు పావు మైలు. అవతలి చివర నిలబడ్డ మనిషి ఇవతలి వాళ్లకు చీమంత కనిపిస్తాడు. ఓడల తాళ్లు పేనడానికి కట్టిన శాల అది. పురి ఎక్కేకొద్దీ తాడు కురచవుతుంది. పోగు పొడవులో సుమారు మూడింట రెండు వంతులే చివరికి మోకుగా మిగులుతుంది. కాబట్టి అతుకు లేని పెద్ద మోకు కావాలంటే దానికన్నా పొడవైన కప్పు ఉండాల్సిందే. మూడు గాడులున్న శంకువులాంటి కొయ్యదిమ్మను మూడు పేటల నడుమ ఇరికిస్తారు. అది ముందుకు జరుగుతుంటే దాని వెనకాల పేటలు ఒకదాన్నొకటి చుట్టుకుని బిగుసుకుంటాయి. ఇప్పటికీ అక్కడ 19వ శతాబ్దపు యంత్రాలతో తాళ్లు పేనుతూనే ఉన్నారు.

బ్రిటిష్ నౌకాదళ నాయకుడు నెల్సన్ ప్రాణాలు వదిలిన యుద్ధనౌక విక్టరీ 1765లో నీళ్లలోకి దిగింది ఈ చాథంలోనే. దాని మూడు తెరచాప కొయ్యలను నిలబెట్టడానికి, తెరచాపలను ఆడించడానికి పట్టిన తాడు పాతిక మైళ్ల పైమాటే. అంత సరుకున్నచోట చేతివాటం ఉండకుండా ఉంటుందా? అందుకే నౌకాదళం తాళ్లలో ఒక రంగు పోగు కలిపి పేనేవారు. బజార్లో అనుమానం వచ్చిన తాడు కొస విప్పి చూస్తే అది సర్కారు సొమ్మో కాదో తేలిపోయేది.

ఆ పాతిక మైళ్లూ గంజాయి జాతి మొక్క కాండం నుంచి తీసిన నారే. మత్తు కోసం కాదు, నార కోసమే పెంచిన పంట. ఎక్కువ భాగం రష్యా నుంచి రీగా, సెయింట్ పీటర్స్‌బర్గ్ రేవుల మీదుగా వచ్చేది. గట్టి నారే గానీ తడిస్తే కుళ్లుతుంది. పైన్ చెట్ల తారు పట్టిస్తే తాడు బలం కొంత తగ్గుతుంది, ఆయుష్షు పెరుగుతుంది. పాత ఓడకు తాడు ఎంచుకునేవాళ్లు నేటికీ ఇలాంటి బేరమే ఆడుతుంటారు.

బ్రిటన్ తలనొప్పి వేరు. తాడు రష్యా చేతిలో ఉంది. 1800 చివర్లో జార్ పావెల్ తన రేవుల్లోని బ్రిటిష్ ఓడలను నిర్బంధించాడు. 1807లో టిల్సిట్ ఒప్పందంతో రష్యా నెపోలియన్ పక్షాన చేరింది. సముద్రాన్ని ఏలే నౌకాదళం నార కోసం శత్రువు వాకిట్లో నిలబడాల్సిన పరిస్థితి.

ఈ కథలోకి తెలుగు నేల ఎరిగిన మనిషి ఒకడు వస్తాడు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా తోట బాధ్యత తీసుకునే ముందు ఏళ్ల తరబడి సామర్లకోటలో మొక్కలు పెంచాడు, బొమ్మలు గీయించాడు. కలకత్తా వెళ్లాక మన దేశపు నార మొక్కలను రష్యా నారతో పోటీకి పెట్టాడు. పరీక్షకు పెట్టినవాటిలో జనుము ముఖ్యమైనది. మన రైతులు పచ్చిరొట్ట ఎరువుగా చల్లి, పూతకొచ్చాక కలియదున్నే ఆ జనుమే. సన్నటి తాళ్లు పేనించి, తెగేదాకా బరువులు వేలాడదీశాడు. ఉత్తి తాడు ఎంత మోసింది, తారు పట్టించినది ఎంత మోసింది, నెలల తరబడి నీళ్లలో నానాక ఎంత మిగిలింది అని లెక్కలు రాశాడు. తాడు కొత్తగా ఉన్నప్పటి బలం చూసి మోసపోకుండా, పాతబడ్డాక ఏమవుతుందో చూడటం ఆ పరీక్షల్లోని గొప్పదనం. క్రిమియా యుద్ధంలో రష్యాతో మళ్లీ చెడినప్పుడు, 1855లో మరో వృక్షశాస్త్రవేత్త జాన్ ఫోర్బ్స్ రాయల్ మన దేశపు నార మొక్కల మీద ఏకంగా పుస్తకమే వేశాడు.

అయితే ఓడల మీద గెలిచింది జనుము కాదు, ఫిలిప్పీన్స్‌లో పెరిగే అరటి జాతి మొక్క అబాకా. దాని నారకు మనీలా అనే పేరు స్థిరపడింది. తేలిక, ఉప్పునీటికి ఓర్చుకుంటుంది, తారు అక్కర్లేదు. 1851 నాటి ‘మోబీడిక్’ నవలలోనే అమెరికా తిమింగల వేటగాళ్లు మనీలాకు మళ్లిన సంగతి కనిపిస్తుంది. కొయ్యలను పట్టి నిలిపే తాళ్లను మాత్రం లోహపు తీగ లాక్కుంది. 1834లో జర్మనీ గనుల కోసం విల్‌హెల్మ్ ఆల్బర్ట్ పేనిన తీగ మోకు కొన్నేళ్లకే ఓడలెక్కింది. 1869 నాటి కట్టీ సార్క్ ఓడ కొయ్యలకు ఆధారం ఇనుప తీగే.

రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ ఫిలిప్పీన్స్‌ను ఆక్రమించడంతో మనీలా ఆగిపోయింది. గంజాయి నార పండించమని రైతులను బతిమాలుతూ అమెరికా వ్యవసాయ శాఖ 1942లో సినిమా తీసింది. ఆ కొరతలోనే నైలాన్ తాడు పైకొచ్చింది. 1941లో ఇంగ్లండ్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ కనుగొన్న పాలిస్టర్ యుద్ధం తర్వాత పడవలెక్కింది.

ఇవాళ పాత కొయ్య పడవ యజమాని దుకాణానికి వెళ్తే ఇవన్నీ గోడకు వరసగా వేలాడుతుంటాయి. నైలాన్ బాగా సాగుతుంది కాబట్టి లంగరుకు మేలు. తెరచాప ఎత్తే తాడుకు అదే నైలాన్ వాడితే గాలి ఊపందుకోగానే సాగి, తెరచాప ముందంచు వదులై ముడతలు పడుతుంది. డైనీమా అనే కృత్రిమ నార తాడుకు ఆ బాధ లేదు. అదే బరువున్న ఉక్కు తీగకన్నా ఎన్నో రెట్లు గట్టిది. చిక్కల్లా అక్కడే ఉంది. అది సాగదు గనుక, గాలి కొట్టిన దెబ్బంతా పాత కొయ్యకూ, దానికి బిగించిన మేకులకూ తగులుతుంది. సాగే మనీలాను లెక్కలో పెట్టుకుని కట్టిన పడవ అది. పైగా బలం సరిపోతుంది కదా అని తాడు మరీ సన్నది తీసుకుంటే చేతికి పట్టు దొరకదు. వెడల్పు గాడి ఉన్న పాత కప్పీలో అది చక్రం పక్కకు జారి ఇరుక్కుంటుంది కూడా.

అందుకే చాలామంది లేత గోధుమరంగు మూడు పేటల పాలిస్టర్ దగ్గర ఆగుతారు. చూడటానికి పాత నారలా ఉంటుంది, కుళ్లదు, సాగుడు ఓ మోస్తరు. సహజ నార మీద మోజు తీరనివాళ్లు మనీలాయే కడతారు, కానీ వానకు తడిసి బిగుసుకునే తాళ్లను సడలిస్తూ, కుళ్లు కోసం పేటలు విప్పి లోపల చూస్తూ ఉండాలి. ఏ తాడైనా కప్పీ మీద ఒకేచోట అరుగుతుంది. తెలిసినవాళ్లు మధ్యలో ఓసారి దాన్ని కొసలు మార్చి కడతారు. విక్టరీ కాలపు నావికులూ ఆ పనే చేసేవారు.