బొమ్మల మెట్లకు ఏ రంగు?

దసరాకు బతుకమ్మతో పాటు బొమ్మల కొలువు పెట్టడం మట్టెవాడలోని మా అత్తగారింటి ఆనవాయితీ. ఏటా ట్రంకు పెట్టెలూ పీటలూ పేర్చి దుప్పటి కప్పేవాళ్లం. ఈసారి మా వారు సా మిల్లు నుంచి పలకలు తెచ్చి, రెండు ఆదివారాలు కూర్చుని ఐదు మెట్ల స్టాండు చేశారు. రంగు వేయడమే తరువాయి. అటక మీది నుంచి పాత పసుపు ఎనామిల్ డబ్బా దింపారు. ఇరవై ఏళ్ల కిందట ఇల్లు కట్టినప్పుడు మిగిలింది.

"సగం ఉంది, పారేయడమెందుకు?" అన్నారు.

పండక్కి వచ్చే మా ఆడపడుచు కూతురికి ఏడాది నిండింది. పట్టుకుని నిలబడుతోంది, అందిందల్లా కొరుకుతోంది. కింది మెట్టు సరిగ్గా దాని నోటి ఎత్తే! నేను వద్దన్నాను.

"మా కాలంలో ఇవే రంగులు వేశాం కదమ్మా, ఎవరికేమైంది?" అన్నారు అత్తయ్య.

సీసంతో వచ్చిన చిక్కే అది. జ్వరంలా బయటపడదు. కొద్దికొద్దిగా ఒంట్లో చేరి, ఎదిగే పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. పిల్ల చదువులో వెనకబడితే మొద్దు అంటామే గానీ రంగును అనుమానిస్తామా?

పాత ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపుల్లో సీసం ఎక్కువగా ఉండేది. ఇళ్ల లోపలి రంగుల్లో తెల్లసీసం వాడొద్దని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లోనే ఒప్పందం చేసింది. అదీ రంగులు వేసే కూలీల కోసం. అమెరికా 1978లో ఇంటి రంగుల్లో సీసాన్ని నిషేధించింది. మన దేశంలో 2016లో చేసిన నియమాలు 2017 నవంబరు నుంచి అమలయ్యాయి. పది లక్షల వంతుల రంగులో సీసం 90 వంతులు మించకూడదు. మా డబ్బా అంతకు ఎన్నో ఏళ్ల ముందుది.

అలాగని విషం లేని రంగు మనవాళ్లకు తెలియనిది కాదు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలే దానికి రంగులు. రసాయన రంగులు చౌకగా దొరికేసరికి ఇవి మరుగున పడ్డాయి. సి.వి.రాజు గారు పట్టుబట్టి వాటిని మళ్లీ నిలబెట్టారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చాయి.

మన పలకలు తరిణె మీద తిరగవు కదా! అందుకని లక్క పొలుసులు కొని, స్పిరిట్‌లో నానబెట్టి గుడ్డతో పూశాం. మందుబిళ్లల పైపూతకు వాడేదీ ఈ లక్కనే. డబ్బాల్లో దొరికే పాలిష్‌లో ఇంకేం కలుపుతారోనని పొలుసులే తెచ్చాను. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి పొయ్యి ఆర్పి, కిటికీలన్నీ తెరిచాం. మూడు పల్చటి పూతలయ్యాక వాసన పూర్తిగా పోయేదాకా వారం రోజులు ఆరనిచ్చాం. పాత డబ్బాను మోరీలో పోయకుండా మూత బిగించి విడిగా పెట్టాం.

లక్కకూ లోపాలున్నాయి. నీళ్లు నిలిస్తే తెల్లమచ్చ పడుతుంది, వేడికి మెత్తబడుతుంది. భారతంలో లక్క ఇల్లు ఏమైందో మనకు తెలుసు కదా! అందుకే దీపం మెట్ల మీద కాకుండా, దూరంగా ఇత్తడి పళ్లెంలో పెట్టాం.

పాప రానే వచ్చింది. వచ్చీ రాగానే కింది మెట్టు కొరికింది. అత్తయ్య గాభరాగా నా వైపు చూశారు.

"కొరకనివ్వండి అత్తయ్యా" అన్నాను.