మన ఊరికి రాని విమానం

విమానాశ్రయమంటే గొప్పవాళ్ళ సంగతి, మనకెందుకూ అంటారా? బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. అంతకు ఎంతో ముందునుంచే మన జిల్లా బిడ్డలు దుబాయికి, మస్కట్‌కు కూలికి పోతున్నారు. విమానం ఎక్కేది వాళ్ళే కదండీ!

నిజాం కాలంలో, 1930లో, వరంగల్ దగ్గర మామునూరుకు విమానాశ్రయం దక్కింది. 1981 దాకా నడిచి, తర్వాత పడావుపడింది. 2025లో మళ్ళీ కేంద్రం అనుమతిచ్చింది. మనకు జక్రాన్‌పల్లిలో కట్టాలన్న ప్రతిపాదన వచ్చి ఏళ్ళు గడిచాయి.

అందాకా హైదరాబాదే దిక్కు. 2008 మార్చి దాకా బేగంపేట. ఆ తర్వాత ఊరు దాటి శంషాబాద్. రాత్రంతా జీపులో కూర్చుని వెళ్తే, లోపలికి మనల్ని రానివ్వరు. అద్దాల ఇవతలే నిలబడాలి. మా పక్కింటావిడ కొడుకు అలా లోపలికి వెళ్ళిపోయాక చూసుకుంటే, సకినాల మూట ఆవిడ చేతిలోనే ఉంది.