సూది గుచ్చకుండానే రక్తంలో క్యాన్సర్ కణాల వేట.. ‘సైటోఫోన్’ ఎలా పనిచేస్తుంది?

పుట్టుమచ్చే కదా అని మీరు వదిలేసే మచ్చ ఒక్కోసారి మెలనోమా కావచ్చు. చర్మ క్యాన్సర్లలో ఎక్కువగా ప్రాణాల మీదకు తెచ్చేది ఇదే. కణితి నుంచి విడిపోయిన కణాలు రక్తంలో కలిసి ఊపిరితిత్తులు, కాలేయం, మెదడుకు చేరితే చికిత్స కష్టమవుతుంది. ఆ కణాలను ముందే పసిగట్టేందుకు తయారైన పరికరమే సైటోఫోన్.

మామూలు రక్తపరీక్ష చాలదా?

మన ఒంట్లో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ల్యాబ్‌లో తీసుకునేది కొన్ని మిల్లీలీటర్లే. తొలిదశలో క్యాన్సర్ కణాలు చాలా అరుదు. ఆ కాస్త నమూనాలో ఒక్క కణమైనా పడకపోతే రిపోర్టులో ఏమీ కనిపించదు.

సైటోఫోన్ ఏం చేస్తుంది?

అమెరికాలోని ఆర్కాన్సాస్ వైద్య విశ్వవిద్యాలయంలో వ్లాదిమిర్ జారోవ్ బృందం దీన్ని రూపొందించింది. చర్మం పైనుంచే సిర మీదకు లేజర్ కాంతిని పంపుతారు. మెలనోమా కణాల్లోని మెలనిన్ అనే రంగు పదార్థం ఆ కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది. ఆ వేడికి పుట్టే సన్నని శబ్ద తరంగాన్ని అల్ట్రాసౌండ్ సెన్సర్ పట్టుకుంటుంది. సిరలో రక్తం ప్రవహిస్తూనే ఉంటుంది కాబట్టి ఎక్కువ రక్తాన్ని జల్లెడ పట్టొచ్చు.

ఫలితాలేంటి?

2019లో ‘సైన్స్ ట్రాన్స్‌లేషనల్ మెడిసిన్’లో వచ్చిన అధ్యయనంలో 28 మంది మెలనోమా రోగులను పరీక్షిస్తే 27 మందిలో ఈ కణాలు దొరికాయి. ఇందుకు 10 సెకన్ల నుంచి గంట వరకు పట్టింది. ఆరోగ్యవంతుల్లో తప్పుడు సంకేతాలు రాలేదు.

పరిమితులున్నాయా?

ఉన్నాయి. పరీక్షించింది కొద్దిమందినే. మెలనిన్ లేని మెలనోమా కణాలను ఈ పద్ధతిలో గుర్తించడం కష్టం. చామనఛాయ, నల్లని చర్మంలో ఉండే మెలనిన్ కూడా లేజర్‌ను పీల్చుకుంటుంది. అందుకే మనలాంటి వారిపై విడిగా పరీక్షించడం ముఖ్యం.

మరి మీరేం చేయాలి?

మెలనోమా నిర్ధారణకు ఇప్పటికీ బయాప్సీయే ఆధారం. మన దగ్గర ఇది తెల్లవారితో పోలిస్తే అరుదే. కానీ వచ్చినప్పుడు తరచూ అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద కనిపిస్తుంది. ప్రఖ్యాత గాయకుడు బాబ్ మార్లేకు కాలిగోటి కిందే వచ్చింది. 1981లో 36 ఏళ్లకే ఆయన చనిపోయారు.

• మచ్చ పెరుగుతున్నా, అంచులు వంకరగా మారినా
• రంగు ఒకేలా లేకపోయినా, రక్తం కారినా
• గోటి కింద నల్లటి చార కొత్తగా వచ్చినా, వెడల్పవుతున్నా

ఆలస్యం చేయకుండా చర్మవ్యాధుల నిపుణులకు చూపించండి. ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లోనూ ఈ విభాగం ఉంటుంది. కాయ అనో, చెప్పు కరిచిందనో అనుకుని సొంతంగా కోయడం, కాల్చడం మాత్రం చేయకండి.