పల్లెకు వచ్చిన బ్యాటరీ



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో పెక్కు ఇండ్లయందు నేడు మెట్లక్రిందనో, తలుపుమూలనో బ్యాటరీ పెట్టె యొకటి కనబడును. కరెంటు పోయినప్పుడు దీపము వెలిగించునది అదియే. తెల్లవారి ట్రాక్టరును కదలించునది అదియే. జాతరలో మైకును పలికించునది అదియే. మనము పశువును కొనునపుడు దాని పండ్లు చూతుము, సుడులు చూతుము, ఎవరి కొట్టమున పెరిగినదో విచారింతుము. ఈ పెట్టెను గూర్చి మాత్రము ఏమియు విచారింపము. కొని తెచ్చి మూలను పెట్టుదుము. అది యెక్కడ పుట్టినదో, మన సీమకు ఏ విధమున వచ్చినదో, తొలినాళ్లలో దానిని ఎవరు కాచిరో తెలిసినచో, నేడు దానితో నెట్లు మెలగవలెనో కూడ తెలియును. ఆ కథను మీకు మనవి చేసెదను.

1859వ సంవత్సరమున ఫ్రాన్సు దేశములో గాస్టన్ ప్లాంటే అను శాస్త్రజ్ఞుడు రెండు సీసపు రేకులను, నడుమ గుడ్డ యుంచి, చాపవలె చుట్టి, నీరు కలిపిన గంధక ద్రావకములో ముంచెను. మనవైపు తేజాబు అని పిలుచుచు వచ్చిన ద్రావకములలో నిది యొకటి. ఆ రేకులలోనికి విద్యుత్తును పంపగా అది అందు నిలిచెను. కావలసినపుడు తిరిగి వచ్చెను. 1800లో వోల్టా కనిపెట్టిన ఘటము ఒకసారి యుడిగిపోయినచో దానిని మరల నింపుటకు వీలు లేకుండెను. ప్లాంటే ఘటము అట్లు కాదు. ధాన్యము తీసిన గాదెను మరల నింపినట్లు దీనిని మరల మరల నింపవచ్చును. 1881లో కమీల్ ఫోర్ అను మరియొక ఫ్రెంచివాడు సీసపు భస్మమును ముద్దచేసి పలకలకు పూసెను. దానితో తక్కువ బరువులో ఎక్కువ విద్యుత్తు నిలిచెను. మన యింటి మూలనున్న పెట్టెలోని కిటుకు నేటికిని అదియే.

లోపల జరుగు పనియు కష్టమైనది గాదు. బ్యాటరీ నిండియున్నపుడు ఒక పలకపై సీసపు భస్మము, ఎదుటి పలకపై మెత్తని సీసము ఉండును. మనము విద్యుత్తును వాడుకొనుచుండగా ద్రావకములోని గంధకాంశము రెండు పలకలను పట్టుకొని లెడ్ సల్ఫేటు అను తెల్లని పదార్థముగా మారును, ద్రావకము పలుచబడును. తిరిగి నింపునపుడు అంతయు వెనుకకు మరలును. ఒక్కొక్క గది యిచ్చునది సుమారు 2 వోల్టులు. ఆరు గదులు వరుసగా కూర్చిన 12 వోల్టుల బ్యాటరీ యగును.

ఇక మన సీమకు వచ్చిన విధము. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. మోటారుతోపాటు బ్యాటరీయు ఊళ్ల దారుల కెక్కెను. దానివెంట రేడియో వచ్చెను. 1935లో హైదరాబాదు రేడియో కేంద్రము నిజాము ప్రభుత్వమువారి చేతికి వచ్చెను. దక్కను రేడియో యనగా అదియే. ఆ 1935లోనే వాయవ్యమున పెషావరు చుట్టునున్న పల్లెలకు, మార్కొనీ కంపెనీవారు అరువిచ్చిన యంత్రముతో, గ్రామప్రసారములు చేసి చూచిరి. 1938 జూన్ 16న మదరాసు కేంద్రమును, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రమును తెలుగు మాటను గాలిలోనికి పంపసాగినవి. 1950 ఏప్రిల్ 1న దక్కను రేడియో భారత ప్రభుత్వమువారి రేడియోలో కలిసిపోయెను.

ఆ కాలపు రేడియోలో గాజు వాల్వులుండెను. వానిలోని తీగను వేడిచేయుటకు విద్యుత్తు కావలెను. కరెంటు స్తంభము లేని యూరిలో ఆ పని సీసపు బ్యాటరీది. అది యుడిగినపుడు డైనమో యున్న పట్టణమునకు మోసికొనిపోయి, నింపించి, తిరిగి మోసికొని రావలసియుండెను. ఊరికి రేడియో యొకటి. దానికి బ్యాటరీ యొకటి. దానిని కాచు మనిషి యొకడు. మీరు ఈ మాటను గుర్తుంచుకొనగోరెదను.

తరువాత కరెంటు వచ్చెను. 1969లో దేశమున గ్రామీణ విద్యుదీకరణ సంస్థ యేర్పడెను. దాని ప్రోత్సాహముతో ప్రయోగముగా స్థాపింపబడిన అయిదు విద్యుత్ సహకార సంఘములలో సిరిసిల్ల సంఘ మొకటి. అది 1970లో పనికి దిగెను. గుజరాతులోని కోడినారు, మహారాష్ట్రములోని మూలా–ప్రవర, కర్ణాటకములోని హుక్కేరి, ఉత్తరప్రదేశములోని లక్నో సంఘములు తక్కిన నాలుగు. రైతులు, నేతగాండ్రు సభ్యులై తమ దీపమును తామే తెచ్చుకొనిన ఘనత సిరిసిల్లది.

కరెంటు వచ్చినది గదా, ఇక బ్యాటరీతో పనియేమని యెవరైన ననుకొనవచ్చును. జరిగినది వేరు. ట్రాక్టరు వచ్చెను, లారీ వచ్చెను, వానితో బ్యాటరీలును పెరిగెను. మన పాత కరీంనగరము జిల్లాలోని గోదావరిఖని గనులలో పనిచేయువారు నడుమునకు సీసపు బ్యాటరీ, నొసట దీపము కట్టుకొని చీకటిలోనికి దిగుచుండిరి. గని పైన దీపపు గది యుండును. దిగునపుడు దీపము అక్కడ తీసికొనవలెను. పైకి వచ్చి అక్కడనే ఒప్పజెప్పవలెను. దానిని నింపుట, తుడుచుట, పాడైనచో ప్రక్కకు తీయుట ఆ గదివారి పని. ఇచ్చటను కాచు మనిషి కలడు. పిదప కరెంటు కోతల కాలము వచ్చెను. ఇన్వర్టరు ఇంటింటికి వచ్చెను. ఊరి కొక్కటిగా నున్న బ్యాటరీ యింటి కొకటియైనది. కాచు మనిషి మాత్రము దానివెంట రాలేదు. మన యింటిలో దీపపు గది లేదు. కావున ఆ గదివారికి తెలిసిన నాలుగు మాటలు మనమే నేర్వవలెను.

మొదటి మాట ద్రావకమును గూర్చి. అది చూచుటకు నీటివలెనే యుండును. సోడాసీసాలోగాని, చెంబులోగాని పోసి యుంచరాదు. దప్పికతో వచ్చిన బిడ్డకు భేదము తెలియదు. ఒంటిపై చిందినచో వెంటనే నీళ్లు ధారగా పోసి కడుగవలెను. కంటిలో పడినచో రెప్పలు తెరచి, ధార యాగకుండ, పావుగంటకు తక్కువ గాకుండ కడిగి, ఆ పిదపనే ఆసుపత్రికి పోవలెను. కడుగకుండ పరుగెత్తినచో ఆ దారిలోనే చూపు పోవచ్చును. నేలపై నొలికినచో వంటసోడా చల్లి, పొంగు అణగినపిదప నీటితో కడుగవలెను. బ్యాటరీలో వాడుకవలన తగ్గునది నీరుగాని ద్రావకము గాదు. కనుక గీటువరకు డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. బోరునీటిలోని ఉప్పును, సున్నమును పలకలను చెరచును.

రెండవ మాట వాయువును గూర్చి. బ్యాటరీ నిండవచ్చుచుండగా అందలి నీరు విడిపోయి హైడ్రోజను అను వాయువు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో నూటికి 4 వంతులు చేరిన చాలును, ఒక్క నిప్పురవ్వకు ప్రేలును. పెట్టె పగిలి ద్రావకము ముఖమున పడును. ఈ వాయువు మిక్కిలి తేలిక, పైకెగసి కప్పుక్రింద నిలుచును. కావున బ్యాటరీ యున్న తావున పైభాగమున గాలి పోవు సందుండవలెను. మూసిన బీరువాలోను, దేవుని దీపము చెంతను, పొయ్యి ప్రక్కను దాని నుంచరాదు. దాని దగ్గర బీడీ ముట్టింపరాదు. మూతలు తీసి లోపల చూచుటకు అగ్గిపుల్ల గీయరాదు. ట్రాక్టరు బ్యాటరీ తీగలు విప్పునపుడు, బండి యినుమునకు కలిపిన మైనసు తీగను ముందు విప్పవలెను. బిగించునపుడు దానిని చివర బిగింపవలెను. చేతి కడియము, ఉంగరము తీసియుంచవలెను. 12 వోల్టులు మనిషిని కొట్టవు. కాని రెండు కొసల నడుమ చిక్కిన లోహము క్షణములో ఎర్రగా కాలి వ్రేలిని కాల్చును.

మూడవ మాట నిలువను గూర్చి. దుక్కులు ముగిసి ట్రాక్టరు కొట్టమున నిలిచినపుడు దాని బ్యాటరీని మరచిపోవుదుము. ఉడిగిన బ్యాటరీని నెలలతరబడి విడిచినచో లెడ్ సల్ఫేటు గట్టిపడి తిరిగి సీసముగా మారదు. వేల రూపాయల వస్తువు మన్నగును. నిలువ యుంచునపుడు నిండుగా నింపి, తీగలు విప్పి, కొసలను తుడిచి, పొడిచోట చెక్కపై నిలువుగా నుంచి, నెలకో రెండు నెలలకో ఒకసారి మరల నింపవలెను. ఎండ తగులనీయరాదు. వేడి 10 డిగ్రీలు పెరిగినకొలది దాని యాయువు సుమారు సగమగును. మన వేసవి యెట్టిదో మీకు తెలియును. పెద్ద ఇన్వర్టరు బ్యాటరీ 50, 60 కిలోల బరువుండును. ఇద్దరు కలిసి వంపకుండ ఎత్తవలెను.

నాలుగవ మాట సీసమును గూర్చి. నేను నేడు మీ ముందుకు వచ్చినది ముఖ్యముగా దీనికొరకే.

కొన్నియేండ్ల క్రిందట మానేరు వైపున ఒక పల్లెలో నేను చూచినది చెప్పెదను. ఒక వృద్ధుడు పాత బ్యాటరీని గొడ్డలితో పగులగొట్టి, అందలి సీసమును వాకిట కట్టెల పొయ్యిపై మూకుడులో కరిగించి, చేపల వలకు గుండ్లు పోయుచుండెను. ద్రావకమును చింతచెట్టు మొదట పారబోసినాడు. మనుమరాలు ప్రక్కన కూర్చుండి చల్లారిన గుండ్లను లెక్కపెట్టుచు, ఆ చేతితోనే మక్కబుక్కలు తినుచుండెను. నేను వారింపగా ఆయన నవ్వి, "మా అయ్య నాటినుంచి పోస్తున్నం బిడ్డా, ఏం గాలేదు" అనెను. ఆ మాట అబద్ధము గాదు. జరిగిన కీడు ఆయన కంటికి కనబడలేదు, అంతే.

సీసము పామువలె కాటువేసి పోవునది గాదు. పగిలిన పలకలనుండి రాలు బూడిదవంటి పొడి దుమ్ముతో కలిసి, చేతికంటి, నోటిలోనికి పోవును. మూకుడు పొగలో ఊపిరిలోనికి పోవును. పెద్దవారికంటె చిన్నబిడ్డల శరీరము దానిని నాలుగైదు రెట్లెక్కువగా పీల్చుకొనును. ఎముకలలో చేరి యేండ్లతరబడి నిలుచును. బిడ్డకు రక్తము తగ్గును, కడుపునొప్పి వచ్చును, చదువు తలకెక్కదు. మనము వానిని మందబుద్ధి యందుము. పొయ్యిమీది మూకుడును తప్పుపట్టము. ఇంతవరకైన హాని లేదని చెప్పదగిన కొలత సీసమునకు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. 2020లో యూనిసెఫ్ వారు ప్రకటించిన లెక్కనుబట్టి, ప్రపంచమున ప్రతి ముగ్గురు బిడ్డలలో ఒకరి రక్తమున, వెంటనే విచారింపదగినంత సీసము కలదు.

ఇది మాటవరుస కన్నది గాదు. ఆఫ్రికాలోని సెనెగల్ దేశమున, డకార్ నగరము చెంత, తియారోయ్ అను పేట యున్నది. అక్కడివారు పాత బ్యాటరీలను పగులగొట్టి సీసము తీయుచుండిరి. సీసమునకు ధర పెరుగగా ఆ నేలలోని మన్నును జల్లించి, సంచులతో ఇండ్లకు తెచ్చికొనిరి. 2007 నవంబరునకు, 2008 మార్చికి నడుమ ఆ పేటలో 18 మంది బిడ్డలు చనిపోయిరి. వారి తల్లులు చేసిన నేరము లేదు. వారు ఎరుగని వస్తువు ఇల్లు చేరినది, అంతే.

మన దేశమున దీనికి చట్టము లేకపోలేదు. పాత బ్యాటరీలను అమ్మకపుదారులు తిరిగి తీసికొనవలెనని 2001లో నిబంధనలు వచ్చెను. వాని స్థానమున 2022 ఆగస్టులో క్రొత్త నిబంధనలు వచ్చి, పాతవానిని రాబట్టి శుద్ధిచేయించు భారమును ఉత్పత్తిదారులపై నుంచినవి. సీసము ఎన్నిసార్లు కరిగించినను గుణము చెడని లోహము. తగిన కార్ఖానాలో, పొగను, దుమ్మును పట్టు యంత్రముల నడుమ కరిగించినచో నేటి పాతబ్యాటరీ రేపటి క్రొత్తబ్యాటరీ యగును. క్రొత్తది కొనునపుడు పాతదానికి వెల కట్టి దుకాణదారుడు తగ్గింపు నిచ్చును. పాత యినుము కొనువాడు పది రూపాయలెక్కువ యిచ్చెదనన్నను, అతడు దానిని ఎవరి వాకిట పగులగొట్టునో మనకు తెలియదు. పగులనిదానిని, ద్రావకము పారబోయకుండ, మూతలు బిగించి, తెచ్చిన దుకాణమునకే చేర్చుట మేలు.

పెద్దలారా! మీ యూరి భూముల లెక్క మీకు కంఠస్థము. చెరువు నీటి వంతులు, గుడి మాన్యముల లెక్కయు మీ యొద్దనే యుండును. దానికి మరియొక చిన్న లెక్కను చేర్చుకొనుడు. ఊరిలో ఎవరి యింట బ్యాటరీ కలదు, ఎప్పుడు కొన్నారు, పాతది ఎచ్చటికి పోయినది అను మూడు మాటలు ఒక పుస్తకమున వ్రాసియుంచినచో చాలును. ఒకనాడు రేడియో బ్యాటరీని ఊరికొకడు కాచినట్లు, గని దీపమును దీపపు గదివారు కాచినట్లు, నేటి పెట్టెను కాచు మనిషి మరల ఊరికి దొరకును. వలగుండ్లు దుకాణములో దొరకును. చేయి కడుగకుండ మక్కబుక్కలు తిను ఆ మనుమరాలి బుద్ధిబలము ఏ దుకాణములోను దొరకదు.

సెలవు.