జబ్బు చేస్తే జీతం ఎవరిస్తారు? దారుల్‌షిఫా నుంచి సదరం దాకా

ఈ రోజు పత్తర్‌గట్టిలో ఉన్నాను. నా వెనక కనిపిస్తున్న ఈ రాతి కమాన్లు 1908 మూసీ వరద తర్వాతివి. 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించింది. వీటి కింద ఒక బట్టల షాపులో మా నాన్న 22 ఏళ్లు సేల్స్‌మన్‌గా చేశారు.

2018లో నేను బీటెక్ మూడో ఏడాది. బట్ట కొలిచేటప్పుడు నాన్న చెయ్యి వణకడం మొదలైంది. డాక్టర్ పార్కిన్సన్స్ అన్నారు. కొన్నాళ్లకే పని మానేయాల్సి వచ్చింది. సేఠ్ మంచాయన, పనికి వెళ్లకపోయినా రెండు నెలల జీతం పంపారు. మూడో నెల అమ్మ గొలుసు తాకట్టు పెట్టాం. జబ్బు చేసినవాళ్ల జీతం ఎవరివ్వాలి? నాకు ఈ ప్రశ్న అప్పుడే పట్టుకుంది.

ఇక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో దారుల్‌షిఫా ఉంది. 1595లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఆస్పత్రి. యునానీ వైద్యం ఉచితం. అంటే వైద్యం ఖర్చు గురించి మన ఊరు 400 ఏళ్ల కిందటే ఆలోచించింది. కానీ మంచం పట్టిన మనిషి ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? అది రాజుగారి దయ, లేదంటే సేఠ్ దయ.

దాన్ని హక్కుగా మార్చిన చట్టం 1883లో జర్మనీలో వచ్చింది. జబ్బు పడ్డ కార్మికుడికి జీతంలో కొంత భాగం ఇవ్వాలన్నారు. మన దగ్గర 1944లో అదార్కర్ రిపోర్టు, 1948లో ఈఎస్ఐ చట్టం. ఇప్పటి రూల్ ప్రకారం జీతం 21,000 లోపు ఉంటే అందులో 0.75 శాతం మనది, 3.25 శాతం యజమానిది. 15,000 జీతానికి మన చేతి నుంచి పోయేది 112 రూపాయల 50 పైసలే. జబ్బు చేస్తే 91 రోజుల దాకా 70 శాతం జీతం వస్తుంది. టీబీ, క్యాన్సర్, పక్షవాతం లాంటి 34 దీర్ఘకాలిక జబ్బులకైతే, సర్వీసు రూల్స్ సరిపోతే, 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా.

మరి నాన్నకి? రాలేదు. ఈఎస్ఐ వర్తించాలంటే కనీసం 10 మంది పనిచేయాలి. నాన్న షాపులో ఏడుగురు. ఈ కమాన్ల కింద ఎన్ని షాపుల్లో పది మంది ఉంటారో మీరే లెక్కేయండి.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో దాని పరిమితి 10 లక్షలకు పెరిగింది. చాలా గొప్ప విషయం. కానీ అది ఆస్పత్రి బిల్లు కడుతుంది, ఇంటి అద్దె కట్టదు.

మమ్మల్ని ఆదుకున్నది ఇంకో చట్టం. 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, పార్కిన్సన్స్ లేదు. 2016 చట్టం ఆ జాబితాను 21కి పెంచింది, అందులో పార్కిన్సన్స్ ఉంది. అంటే నాన్నకి ఇదే జబ్బు ఐదేళ్ల ముందు వచ్చుంటే ఆ పేరుతో సర్టిఫికెట్ అడిగే దారే లేదు!

కానీ మేం ఎనిమిది నెలలు అప్లై చేయలేదు. "నేనేం వికలాంగుణ్ణి కాదురా" అనేవారు నాన్న. నేనూ గట్టిగా చెప్పలేకపోయాను. చివరికి సదరం క్యాంపుకి వెళ్లాం, 40 శాతం దాటింది, ఆసరా పెన్షన్ మొదలైంది. అప్పట్లో 1,500, 2019లో 3,016 అయింది. పోయిన ఎనిమిది నెలల డబ్బు మాత్రం వెనక్కి రాలేదు.

అందుకే చెప్తున్నా. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు అని తెలిసిన వారంలోనే మూడు పనులు చేయండి. జీతం స్లిప్పులో ఈఎస్ఐ కటింగ్ ఉందా చూడండి. రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టండి. వైకల్యం సర్టిఫికెట్‌కి, అంటే ఇప్పటి యూడీఐడీ కార్డుకి, ఆ జబ్బు అర్హమైతే అప్లై చేయండి. బంగారం తాకట్టు ఆ తర్వాత.

నాన్న ఇప్పటికీ పండగ ముందు ఇక్కడికి వస్తారు. సేఠ్‌తో కూర్చుని చాయ్ తాగుతారు. కప్పు సగమే పోయిస్తారు, ఒలకకుండా.