ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్‌ని ఎలా ఆపేసింది? 2018 నాటి కథ, ఆపరేటింగ్ సిస్టమ్ బేసిక్స్

ఆపరేటింగ్ సిస్టమ్ అసలు ఎలా పని చేస్తుందో మొదటి నుంచి చెప్పమని చాలామంది అడుగుతున్నారు. కెర్నల్, ప్రాసెస్, మెమరీ అని డెఫినిషన్లు చదివితే పది నిమిషాల్లో నిద్ర వస్తుంది. బీటెక్‌లో గాల్విన్ బుక్ ముందు కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఆ సంగతి తెలుసు. అందుకే ఈ ఎపిసోడ్‌లో ఒక నిజమైన సంఘటన తీసుకుందాం. మన అక్షరం పేరు మీదే ప్రపంచమంతా వార్త అయిన సంఘటన.

2018 ఫిబ్రవరి. మన మూసాపేట స్టేషన్ మీదుగా మెట్రో మొదలై అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. ఫిబ్రవరి 15 నాటికి టెక్ వార్తల్లో ఎక్కడ చూసినా ఒకటే హెడ్‌లైన్: ఒక్క తెలుగు అక్షరం వస్తే చాలు, ఐఫోన్ క్రాష్. మెసేజ్‌లో ఆ అక్షరం వస్తే మెసేజెస్ యాప్ మూసుకుపోతుంది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూసుకుపోతుంది. వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్, జీమెయిల్, అన్నిటిదీ అదే పరిస్థితి. ఇంకా ఘోరం, అది నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ స్క్రీనే పోయేది. నేను అప్పుడు బీటెక్ చదువుతున్నాను. క్లాస్ మొత్తంలో ఐఫోన్ ఉన్నది ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్లందరికీ అది పండగ. వాళ్లకి ఆ అక్షరం పంపడమే పని.

ఆ అక్షరం ఏది? జ్ఞా. జ్ఞానంలో జ్ఞా, జ్ఞాపకంలో జ్ఞా. భయపడకండి, ఇక్కడ నేను రాసింది మామూలు జ్ఞా, మీ ఫోన్‌కి ఏమీ కాదు. అప్పుడు కూడా మామూలు జ్ఞాతో ఏమీ కాలేదు. వార్తల్లో చాలావరకు ఈ ముక్కే సరిగ్గా రాలేదు.

కంప్యూటర్‌కి జ్ఞా అంటే ఒక అక్షరం కాదు. యూనికోడ్‌లో తెలుగు 1991లో మొదటి వెర్షన్ నుంచే ఉంది. అందులో మామూలు జ్ఞా అంటే వరసగా నాలుగు కోడ్‌లు: జ, పొల్లు, ఞ, ఆ తర్వాత దీర్ఘం. జ తర్వాత పొల్లు, దాని తర్వాత ఇంకో హల్లు వచ్చింది కాబట్టి ఆ హల్లుని వత్తుగా మార్చాలి. దీర్ఘాన్ని పై అక్షరానికి తగిలించాలి. ఇదంతా స్క్రీన్ మీద గీసే ముందు సాఫ్ట్‌వేర్ లెక్క వేసుకోవాలి. ఇంగ్లిష్‌లో ఏ కోడ్ వస్తే ఆ బొమ్మ గీస్తే దాదాపు పని అయిపోతుంది. మనకి నాలుగు కోడ్‌లు కలిసి ఒక బొమ్మ.

క్రాష్ చేసిన వరసలో ఐదు కోడ్‌లు ఉన్నాయి. ఞకీ దీర్ఘానికీ మధ్యలో కనిపించని గుర్తు ఒకటి దూరింది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. పేరు చూసి కంగారు పడొద్దు, దాన్ని మీరు రోజూ చూస్తున్నారు, కాదు, చూడకుండానే వాడుతున్నారు. "సాఫ్ట్‌వేర్" అనే మాట చూడండి. ట్ దగ్గర పొల్లు పెట్టి వెంటనే వే రాస్తే, ట కింద వ వత్తు వచ్చేస్తుంది. అలా కలపొద్దు, విడిగా ఉంచు అని చెప్పడానికే ఆ కనిపించని గుర్తు. అంటే తెలుగులో అది చాలా మర్యాదస్తురాలైన గుర్తే. కాకపోతే సాధారణంగా పొల్లు తర్వాత వస్తుంది. హల్లుకీ గుణింతానికీ మధ్యలో రావడం మామూలుగా జరగదు. ఎవరూ కావాలని టైప్ చేయరు. కానీ వచ్చినప్పుడు ఏం చేయాలో కోడ్‌కి తెలిసి ఉండాలి కదా. తెలియలేదు.

సరే, కోడ్‌లో తప్పు ఉంది. ఇక్కడి నుంచి అసలు ఆపరేటింగ్ సిస్టమ్ కథ. క్రాష్ అయింది అంటాం. ఎవరు క్రాష్ చేశారు?

మూసాపేటలోనే ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ అనుకుందాం. ప్రతి ఫ్లాట్‌కీ దాని తలుపు, దాని మీటరు, దాని ఎంసీబీ ఉంటాయి. మూడో అంతస్తులో ఎవరో గీజర్, ఇస్త్రీ పెట్టె ఒకేసారి వేశారు, వాళ్ల ఎంసీబీ పడిపోయింది. వాళ్ల ఇల్లు చీకటి అయింది, పక్క ఫ్లాట్‌లో సీరియల్ ఆగలేదు. ఎంసీబీ పడటం అంటే వ్యవస్థ చెడిపోయినట్టు కాదు. వ్యవస్థ పని చేసినట్టు.

ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫ్లాట్ అంటే ప్రాసెస్. మీరు తెరిచిన ప్రతి యాప్ కనీసం ఒక ప్రాసెస్. ప్రతి ప్రాసెస్‌కీ మెమరీ మొత్తం తనదే అన్నట్టు కనిపిస్తుంది. అది నిజం కాదు. అది వాడే అడ్రస్‌లు ఉత్తుత్తి అడ్రస్‌లు. ప్రాసెసర్‌లోనే ఉండే ఒక భాగం, కెర్నల్ రాసిపెట్టిన పట్టిక చూసి, వాటిని అసలు మెమరీ అడ్రస్‌లుగా మారుస్తుంది. పట్టికలో లేని అడ్రస్‌ని ముట్టుకుంటే హార్డ్‌వేర్ వెంటనే పని ఆపి కెర్నల్‌ని పిలుస్తుంది. కెర్నల్ వచ్చి ఆ ప్రాసెస్‌ని చంపేస్తుంది. మనకి కనిపించే క్రాష్ చాలాసార్లు ఇదే.

ఇది మొదటి నుంచీ ఉన్న సౌకర్యం కాదు. తొలి కంప్యూటర్లలో ఒకసారికి ఒకే ప్రోగ్రామ్, మెమరీ అంతా దానిదే. ఉత్తుత్తి అడ్రస్‌ల ఆలోచన 1962లో మాంచెస్టర్‌లో మొదలైన అట్లాస్ కంప్యూటర్‌తో బయటికి వచ్చింది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైన యూనిక్స్, ఒకే మెషీన్ మీద చాలామంది, చాలా ప్రాసెస్‌లు అనే పద్ధతిని ప్రపంచమంతా అలవాటు చేసింది. కానీ ఇంటికొచ్చే కంప్యూటర్లకి ఈ రక్షణ చాలా ఆలస్యంగా అందింది. యాపిల్‌నే తీసుకోండి. 1990ల చివరలో కూడా మ్యాక్ ఓఎస్ 9 వరకు యాప్‌ల మధ్య సరైన గోడల్లేవు. అంటే అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే ఫ్యూజు. ఒక యాప్ తిక్క చేస్తే మెషీన్ మొత్తం రీస్టార్ట్ కొట్టాల్సిందే. విండోస్ 3.1 వాడినవాళ్లకి కూడా ఈ బాధ తెలుసు.

యాపిల్ సొంతంగా కొత్త ఓఎస్ కట్టాలని చూసి కుదరక, 1996 డిసెంబర్‌లో స్టీవ్ జాబ్స్ నడుపుతున్న నెక్స్ట్ కంపెనీని కొంటున్నట్టు ప్రకటించింది. నెక్స్ట్ ఓఎస్ కింద ఉన్నది మాక్ అనే కెర్నల్. అది 1985లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మొదలైన ప్రాజెక్ట్. దాన్ని కట్టినవాళ్లలో ఒకరైన ఏవీ టెవానియన్ నెక్స్ట్‌కి, అక్కడి నుంచి యాపిల్‌కి వచ్చారు. దాని మీద కట్టిన మ్యాక్ ఓఎస్ టెన్ 2001 మార్చిలో బయటికి వచ్చింది. 2007లో వచ్చిన ఐఫోన్ ఓఎస్ దాని పిల్లే. చిన్న పిట్టకథ: మాక్ పుట్టిన ఆ యూనివర్సిటీలోనే, ఆ సమయంలోనే కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్‌గా ఉన్నది మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు. మాక్ ఆయన ప్రాజెక్ట్ కాదు, ఆయన పని స్పీచ్, కృత్రిమ మేధ, రోబోటిక్స్. 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది వాటికే. కానీ ఆ కారిడార్‌లో ఎవరికైనా ఒక తెలుగు పదం టైప్ చేసి చూడాలనిపించి ఉంటే బాగుండేది అని నాకు సరదాగా అనిపిస్తుంది.

మళ్లీ 2018కి వద్దాం. గోడలున్నాయి, ఎంసీబీలున్నాయి. మరి ఒక్క యాప్ పోవాలి కానీ అన్ని యాప్‌లు ఎందుకు పోయాయి?

ఎందుకంటే ఆ అపార్ట్‌మెంట్‌లో అన్ని ఫ్లాట్లకీ వైరింగ్ చేసింది ఒకే మేస్త్రీ. ఒక యాప్ రాసేవాడు తెలుగు వత్తులు ఎలా గీయాలో తానే కోడ్ రాసుకోడు, అది ఏళ్ల పని. యాపిల్ ఇచ్చిన కోర్ టెక్స్ట్ అనే లైబ్రరీని పిలుస్తాడు. అక్షరాల వరస ఇస్తే ఏ బొమ్మ ఎక్కడ పెట్టాలో అది చెప్తుంది. ఇలాంటివాటిని షేర్డ్ లైబ్రరీలు అంటారు. కోడ్ కాపీ మెమరీలో ఒకటే ఉంటుంది, దాన్ని అందరూ వాడుకుంటారు. కానీ అది నడిచేది మాత్రం పిలిచిన ప్రాసెస్ లోపల, ఆ ప్రాసెస్ మెమరీతోనే. ఇంటర్వ్యూల్లో తడబడే పాయింట్ ఇది, అమీర్‌పేట నోట్స్‌లో కూడా ఒక లైన్‌లో దాటేస్తారు. షేర్డ్ అన్నది కోడ్, డేటా కాదు. కాబట్టి కోర్ టెక్స్ట్ తడబడితే కోర్ టెక్స్ట్ అనేది ఎక్కడో విడిగా కూలిపోదు. దాన్ని పిలిచిన యాప్ కూలిపోతుంది. వాట్సాప్ పిలిస్తే వాట్సాప్, జీమెయిల్ పిలిస్తే జీమెయిల్. అందరి ఇళ్లలోనూ ఒకే వైరింగ్ తప్పు, ఎవరు ఆ స్విచ్ వేస్తే వాళ్ల ఎంసీబీ పడుతుంది.

ఆ తప్పు ఏ రకందో యాపిల్ తన సెక్యూరిటీ నోట్‌లో తర్వాత క్లుప్తంగా చెప్పింది: మెమరీ కరప్షన్. ప్రాసెస్ తన సొంత మెమరీలోనే, రాయకూడని చోట రాసేయడం. కెర్నల్ గోడలు ఒక ఫ్లాట్ నుంచి ఇంకో ఫ్లాట్‌కి వెళ్లకుండా ఆపుతాయి. మీ ఇంట్లో మీరే బీరువా పడేసుకుంటే గోడ ఏం చేస్తుంది?

ఇప్పుడు హోమ్ స్క్రీన్ సంగతి. చాలామంది హోమ్ స్క్రీన్ అంటేనే ఐఓఎస్ అనుకుంటారు. కాదు. ఐకాన్లు, నోటిఫికేషన్లు చూపించేది స్ప్రింగ్‌బోర్డ్ అనే ఇంకో ప్రాసెస్, అంతే. కెర్నల్ దృష్టిలో అదీ ఒక ఫ్లాటే. నోటిఫికేషన్‌లో ఆ వరస వచ్చింది. స్ప్రింగ్‌బోర్డ్ దాన్ని గీయడానికి కోర్ టెక్స్ట్‌ని పిలిచింది, పడిపోయింది. ఐఫోన్‌లో మొట్టమొదట లేచే ప్రాసెస్ పేరు లాంచ్‌డీ. ముఖ్యమైన ప్రాసెస్ పడిపోతే మళ్లీ లేపడం దాని ఉద్యోగం. లేపింది. లేవగానే స్ప్రింగ్‌బోర్డ్ పెండింగ్‌లో ఉన్న నోటిఫికేషన్ చూపించబోయింది. మళ్లీ పడింది. మళ్లీ లేపింది. వాడేవాడికి కనిపించేది ఏంటి? ఫోన్ చచ్చిపోయింది. నిజానికి లోపల కెర్నల్ నడుస్తూనే ఉంది, లాంచ్‌డీ తన డ్యూటీ తాను చేస్తూనే ఉంది. ఎవరి రూల్ ప్రకారం వాళ్లు కరెక్ట్‌గానే పని చేస్తున్నారు, ఫోన్ మాత్రం పని చేయడం లేదు. పెద్ద సాఫ్ట్‌వేర్‌లో నాకు భయం పుట్టించేది ఇలాంటిదే.

ఆ రోజుల్లో చెప్పుకున్న చిట్కా కూడా గమ్మత్తుగా ఉండేది: ఎవరినైనా ఇంకో మెసేజ్ పంపమనండి, లిస్ట్‌లో పాత మెసేజ్ ప్రివ్యూ బదులు కొత్తది కనిపిస్తుంది, అప్పుడు లోపలికి వెళ్లి ఆ చాట్ డిలీట్ చేయండి. ఎందుకు పని చేసిందో ఇప్పుడు మీరే చెప్పగలరు. గీయకపోతే పడిపోదు.

ఫిబ్రవరి 19న యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసింది. అదే రోజు మ్యాక్‌కి, వాచ్‌కి, టీవీకి కూడా అప్‌డేట్‌లు ఇచ్చింది. నాలుగింటిలోనూ అదే లైబ్రరీ కాబట్టి. షేర్డ్ లైబ్రరీకి ఇది రెండో ముఖం: ఒకచోట తప్పు ఉంటే అందరికీ తప్పు, ఒకచోట బాగుచేస్తే అందరికీ బాగు. వాట్సాప్‌వాళ్లు, జీమెయిల్‌వాళ్లు తమ కోడ్‌లో ఒక్క లైన్ మార్చాల్సిన పని లేకపోయింది. అప్పటికి టెస్టింగ్‌లో ఉన్న 11.3 బీటాలో ఈ సమస్య లేదు కూడా. అంటే రిపేర్ దారిలోనే ఉంది, గొడవ పెద్దదయ్యాక ముందుకు జరిపారు.

ఈ మధ్యలో మొజిల్లా ఇంజనీర్ మనీష్ గోరేగావ్‌కర్ కూర్చుని వరసలన్నీ మార్చి మార్చి చూసి ఒక వ్యాసం రాశారు. ఆయన తేల్చింది ఏంటంటే, ఇది జ్ఞా ఒక్కదాని సంగతి కాదు. హల్లు, పొల్లు, కిందికో పక్కకో చేరే ఇంకో హల్లు, ఆ కనిపించని గుర్తు, గుణింతం. ఈ ఆకారంలో ఉన్న చాలా వరసలకి ఇదే జరుగుతుంది, తెలుగులోనే కాదు, బెంగాలీలో, దేవనాగరిలో కూడా. కానీ పేరు పడింది మాత్రం తెలుగుకే. ముందు దొరికింది మనమే మరి.

నాకు ఆ హెడ్‌లైన్లు చూసినప్పుడు నవ్వొచ్చింది, కొంచెం మండింది కూడా. "ఐఫోన్‌ని చంపే అక్షరం" అట. 2011 జనాభా లెక్కల ప్రకారం 8 కోట్ల మందికి పైగా మాతృభాష ఇది. వాళ్ల అక్షరాన్ని బాంబు అని రాశారు, అక్షరాన్ని గీయలేకపోయిన కోడ్‌ని మాత్రం పెద్దగా ఎవరూ ఏమీ అనలేదు. 2016 మేలోనే యాపిల్ మన నానక్‌రామ్‌గూడలో ఆఫీస్ తెరిచింది, టిమ్ కుక్ స్వయంగా వచ్చారు. అక్కడి పని మ్యాప్స్ మీద, ఫాంట్ల మీద కాదు, అక్కడివాళ్లని అనేది ఏమీ లేదు. నేను అడిగేది వేరే. టెస్ట్ కేసుల లిస్ట్ రాసేటప్పుడు ఆ టేబుల్ దగ్గర తెలుగు చదవగలిగినవాళ్లు ఎంతమంది ఉంటారు? తెలుగు చదవగలిగే ఇంజనీర్లు మూసాపేట నుంచి హైటెక్ సిటీ వెళ్లే ఏ షేర్ ఆటోలోనైనా దొరుకుతారు. నేను ఉద్యోగం చేసినప్పుడు నా టెస్ట్ డేటాలో ఎప్పుడూ ఇంగ్లిష్ పేర్లే, మా టీమ్‌లో సగం మంది తెలుగువాళ్లమే అయినా.

2020 ఏప్రిల్‌లో మళ్లీ ఐఫోన్లు ఇలాగే ఆగిపోయాయి. ఈసారి ఇటలీ జెండా ఎమోజీ, పక్కన సింధీ భాష అక్షరాలు. వచ్చిన దారి కూడా అదే, నోటిఫికేషన్.